బందరు జహాజ్‌లో ముసాఫిర్లు

గుడివాడలో ఉండే మా చెల్లెలి కొడుకు విశాఖ నుంచి చెన్నైకి క్రూయిజ్‌లో వెళ్లొచ్చి, ఫోన్లో వీడియోలన్నీ చూపించాడు. పైన స్విమ్మింగ్ పూల్, గోడ ఎక్కే ఆట, థియేటరు, రకరకాల దస్తర్‌ఖాన్లు, కేసినో (దాని సంగతి మనకొద్దు). ఆ జహాజ్ పేరు ఎంప్రెస్. 1990లో ఫ్రాన్స్‌లో కట్టారు. 211 మీటర్ల పొడవు, 11 అంతస్తులు. అమెరికాలోని మయామీ నుంచి బహామాస్ దీవులకు మూడు నాలుగు రోజుల సైర్ కోసం తయారైంది. అక్కడ పాతబడ్డాక మన దేశానికొచ్చి, 2022 జూన్‌లో విశాఖ తీరం చేరింది.

అన్నీ చూపించి వాడడిగాడు: "మామూ, మన బందరు నుంచి ఇలాంటి జహాజ్ ఎప్పుడన్నా వెళ్లిందా?"

"వెళ్లింది బేటా. పూల్ మాత్రం లేదు" అన్నాను. మిగతా జవాబు ఇక్కడ రాస్తున్నాను.

బందర్ అంటే ఫారసీలో రేవు. మచిలీపట్నాన్ని మనం ఇప్పటికీ బందరనే పిలుస్తాం. కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి నుంచి పెగూ, అరకాన్, సయాం, హోర్ముజ్, మక్కా వైపు ఓడలు వెళ్లేవని ఫ్రెంచి జౌహరీ టావెర్నియే రాశాడు. ఆయన స్వయంగా గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా జహాజ్ ఎక్కాడు. 1652 మే 11న ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌లో ఎక్కి, జూలై 2న మన బందర్లో దిగాడు. 52 రోజుల సఫర్.

ఆ జహాజ్ ఏటా బందరు నుంచి సన్నటి బట్టలు, పూలబట్టలు ఇరాన్ తీసుకెళ్లేది. ఆ పూలు చేత్తో వేసినవి కాబట్టి అచ్చు బట్టకన్నా అందం ఎక్కువ, ధర ఎక్కువ అంటాడు టావెర్నియే. కలమ్‌తో చేసే పని కాబట్టే కలంకారీ. ఇప్పుడు పెడనలో చెక్క అచ్చులతో అద్దుతున్నది ఆ పేరుతోనే.

తిరుగు సఫర్లో ఎక్కినవాళ్లెవరంటే, ఇరాన్ షా మన సుల్తాన్‌కి పంపిన 55 గుర్రాలు, దాదాపు వందమంది ఇరానీ, ఆర్మేనియన్ తాజిర్లు, వందమంది దాకా దేశీ కళాసీలు, ఆరుగురు డచ్చివాళ్లు. వేసవి చివర్లో, గుర్రాలతో కలిసి, 52 రోజులు. మా వాడి వీడియోలో ఏసీ గది కిటికీలోంచి సముద్రం చూశాక ఆ వాసన ఊహించడం కష్టం.

మరి ముసాఫిర్లకు సౌకర్యాలేమిటి? అక్బర్ దర్బారులో అబుల్ ఫజల్ రాసిన ఆయినె అక్బరీలో ఓడ సిబ్బంది జాబితా ఉంది. అది మొఘల్ ఓడల సంగతి, అయినా ఆ కాలపు కాయదా తెలుస్తుంది. నాఖుదా ఓడకు యజమాని లాంటివాడు. ముఅల్లిం దారి చూపేవాడు. తండేల్ కళాసీలకు పెద్ద. (సినిమా చూసినవాళ్లకి ఈ మాట కొత్త కాదు.) భండారీది సరుకుల కొట్టు. నాఖుదా ఖషబ్ అనేవాడి పని ముసాఫిర్లకు వంటచెరుకు, గడ్డి ఇవ్వడం. కర్రానీ లెక్కలు రాసేవాడు, తాగేనీళ్లు పంచేది కూడా అతనే. నీళ్లు లెక్కలు రాసేవాడి చేతిలో ఉన్నాయంటే వాటి విలువ ఎంతో అర్థం చేసుకోండి. గుమ్మతీ అనేవాడు ఓడలోకి ఊరిన నీళ్లు తోడి పోసేవాడు.

ఆ చివరి పని టావెర్నియే సఫర్లో అందరి మీదా పడింది. తుఫాన్ పట్టుకుంది, నీళ్లు లోపలికొచ్చాయి, పంపులు చాల్లేదు. ఒక తాజిర్ దగ్గర రష్యా తోళ్ల మూటలు రెండున్నాయి. ఓడలో నలుగురైదుగురు జీను కుట్టేవాళ్లున్నారు. వాళ్లు తోళ్లు కలిపి పెద్ద బకెట్లు కుట్టారు. డెక్కుకు కంతలు కొట్టి, వాటితో నీళ్లు పైకి తోడారు. జహాజ్ నిలిచింది.

ఇదే టావెర్నియే, హిందుస్తానీలకూ ఇరానీలకూ ఓడ నడపడం రాదు, అందుకే డచ్చివాళ్లు తమ పైలట్లను ఇస్తారని కూడా రాశాడు. నాకు ఆ మాట రుచించలేదు. డచ్చివాళ్లు బందర్లో కొఠీ పెట్టక ముందే ఇక్కడి ఓడలు పెగూకీ ఎర్ర సముద్రానికీ వెళ్లొచ్చేవి. డచ్చి మనిషి ఎక్కితే డచ్చి ఫిరంగులు ఆ ఓడ జోలికి రావన్న లెక్క కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. ఆయన పుస్తకంలో జౌహరీల పేర్లున్నాయి, ఆ జీను కుట్టినవాళ్ల పేర్లు లేవు.

ఎర్ర సముద్రం వెళ్లే సుల్తాన్ జహాజ్‌లలో బట్టల మూటలతోపాటు హాజీలుండేవారు. హరమైన్‌లో ఖైరాత్‌గా పంచడానికి బియ్యం కూడా వెళ్లేవి. 1687లో గోల్కొండ పడిపోయింది, ఆ జహాజ్‌లు ఆగిపోయాయి. తర్వాతి కాలంలో మన హాజీలు బొంబాయి వెళ్లి ఓడెక్కేవారు. 1995లో అవీ ఆగాయి.

2023లో గన్నవరం నుంచి హజ్ విమానాలు బయలుదేరినప్పుడు నేనూ సాగనంపడానికి వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన సంతోషం పట్టలేక, "కృష్ణా జిల్లా నుంచి మక్కాకి ఇదే మొదటి సఫర్!" అన్నారు. ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర ఎహ్రామ్‌లో ఉన్న మనిషితో బహస్ ఎందుకని ఊరుకున్నాను. ఆయన తిరిగొచ్చాక, జమ్‌జమ్ ఇవ్వడానికి మా ఇంటికొచ్చినప్పుడు చెప్పాను. టావెర్నియే కథంతా విని ఆయన అడిగింది ఒకటే: "ఆ బియ్యం మన డెల్టావేనా?"