సూరత్ కనుమల్లో లాభమెరుగని ప్రయాణం

సూరత్ చరిత్రను వ్రాసినవారిలో చాలామంది సముద్రం వైపు ముఖం పెట్టి వ్రాశారు. 1608లో ఆంగ్లేయుల ఓడ ‘హెక్టర్’ తాపీ నదీముఖంలో లంగరు దించటం, 1612లో సమీపంలోని స్వాలీ రేవు వద్ద పోర్చుగీసు నౌకలతో జరిగిన పోరు, మక్కా యాత్రికుల ఓడలు, జరీ, నీలిమందు, వజ్రాలు - ఇవన్నీ పడమటి దిక్కు కథలు. ఆ నగరానికి వెన్నువైపున ఉన్న కొండలకు మాత్రం ఆ గ్రంథాలలో దక్కిన చోటు స్వల్పం. నిజానికి రేవుకు చేరిన సరుకులో గణనీయమైన భాగం ఆ కొండలు దిగి వచ్చినదే.

సూరత్ సముద్రమట్టానికి పది, పదిహేను మీటర్ల ఎత్తులో ఉన్న మైదాన నగరం. తూర్పుగా, ఆగ్నేయంగా సాగిన కొద్దీ చెరకు తోటలు, వరి మడులు దాటి నేల మెల్లగా లేస్తుంది. వాఘాయి దాటిన తరువాత ఆ మెల్లదనం ముగుస్తుంది. అక్కడి నుంచి డాంగ్ జిల్లా టేకు అడవులు, వాటి నడుమ సహ్యాద్రి ఉత్తరపు కొస. ఆ కొసన, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకొని, దాదాపు 1000 మీటర్ల ఎత్తున సాపుతారా ఉంది. సూరత్ నుంచి అక్కడికి రోడ్డు మీద సుమారు 160 కిలోమీటర్లు. విశాఖపట్నం ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ భూస్వరూపం కొత్తది కాదు. సముద్రపు ఒడ్డున ఊరు, వెనుక అనంతగిరి, ఆపైన అరకు. అయితే విశాఖకు కొండ కంటి ఎదుటనే ఉంటుంది. సూరత్ వాసికి కొండ కనిపించాలంటే ముందు ఒక పూట ప్రయాణం చేయాలి.

ఈ కనుమలను దాటినవారందరికీ ఏదో ఒక ప్రయోజనం ఉండేది. ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే 1645 జనవరిలో సూరత్ నుంచి గోల్కొండకు బయలుదేరి, నవాపూర్, దౌలతాబాద్, నాందేడ్‌ల మీదుగా 27 రోజులలో చేరాడు. నవాపూర్‌లో పండే సన్నబియ్యానికి కస్తూరి వాసన ఉంటుందని ఆయన మెచ్చుకున్నాడు. తెలుగునేల వజ్రం పడమటి సముద్రం చేరిన మార్గాలలో అదొకటి. శివాజీ సేనలు 1664లోను, 1670లోను సూరత్‌ను కొల్లగొట్టాయి. రెండవసారి ఆ ధనంతో బాగ్లాణ్ కొండల మీదుగా మరలిపోతూ దిండోరి దగ్గర మొగలు సైన్యంతో తలపడ్డాయి. ఆ తరువాత టేకు దుంగలు దింపటానికి బరోడా గాయక్వాడు సంస్థానం వేసిన సన్నపట్టాల రైలు వచ్చింది. బిలిమోరా నుంచి వాఘాయి వరకు 63 కిలోమీటర్లు, 1913లో తెరచినది. ఆ రైలు కొండ పాదం దగ్గరే ఆగిపోయింది. పైకి ఎక్కించవలసినంత లాభం అక్కడ కనబడలేదు కాబోలు.

వర్తకుడు, సైనికుడు, కలప గుత్తేదారు నడచిన దిక్కుకు ఈ శతాబ్దంలో మరొక రకం ప్రయాణికుడు వస్తున్నాడు. అతని దగ్గర అమ్మవలసిన సరుకు లేదు, గెలవవలసిన కోట లేదు. ఒక సైకిలు, రెండు నీళ్ల సీసాలు, పంక్చరు సామాను, ముద్రలు వేయించుకోవలసిన ఒక అట్టముక్క. ఇతడు వృత్తిరీత్యా వైద్యుడో, బ్యాంకు ఉద్యోగో, బట్టల వ్యాపారో కావచ్చు. పోటీలో బహుమతి లేదు. నియమిత కాలంలో నియమిత దూరం పూర్తిచేశాడని ధ్రువపరచటం ఒక్కటే ఫలం. ‘బ్రెవే’ అన్న ఫ్రెంచి మాటకు అర్థం కూడా ఆ ధ్రువపత్రమే.

ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తేగాని దీని స్వభావం బోధపడదు. 1891 సెప్టెంబరులో పియేర్ జిఫార్ అనే పత్రికా సంపాదకుడు పారిస్ నుంచి బ్రెస్ట్ రేవుకు పోయి తిరిగి వచ్చే, దాదాపు 1200 కిలోమీటర్ల సైకిలు పందెం నడిపాడు. షార్ల్ తెరాన్ నిద్ర మానుకొని 71 గంటల 22 నిమిషాలలో గెలిచాడు. అది పందెమే. వేరొక ధోరణి ఇటలీలో పుట్టింది. 1897లో కొందరు ఔత్సాహికులు రోము నుంచి నేపుల్స్‌కు 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో చేరారు. వారు తమను ‘సాహసులు’ అనే అర్థం గల లాటిన్ మాటతో పిలుచుకొన్నారు. ‘ఆడాక్స్’ అన్న పేరు అందులోనుంచే వచ్చింది. 1904లో ఆరీ దెగ్రాంజ్ ఫ్రాన్సులో ఆ పద్ధతికి నియమావళి ప్రకటించాడు. అతడే ఆ ముందు ఏడాది ‘టూర్ ద ఫ్రాన్స్’ ప్రారంభించినవాడు. ప్రపంచంలోకెల్లా ఘోరమైన పోటీని, ఎవరూ ఎవరినీ ఓడించని విహారాన్ని ఒక్క చెయ్యే నడిపించటం విశేషం. 1921లో పారిస్ ఆడాక్స్ సంఘం ఎవరి వేగాన వారు పోయే స్వేచ్ఛను కల్పించింది. 1931 నుంచి పారిస్-బ్రెస్ట్-పారిస్ దారిలో ఔత్సాహికులకు వేరుగా స్థానం దొరికింది. పందెగాళ్ల పోటీ 1951తో ఆగిపోయింది. ఔత్సాహికుల యాత్ర ఇప్పటికీ నడుస్తున్నది.

అదే 1931లో ‘విత్ సైక్లిస్ట్స్ అరౌండ్ ది వరల్డ్’ అనే ఆంగ్ల గ్రంథం వెలువడింది. జవహర్‌లాల్ నెహ్రూ దానికి ముందుమాట వ్రాశారు. 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి బయలుదేరిన ఆరుగురు పార్శీ యువకుల కథ అది. ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా, గుస్తాద్ హాథీరాం, కేకీ పోచ్ఖానావాలా, నరిమన్ కపాడియా వారి పేర్లు. పార్శీ సమాజం బొంబాయికి తరలిపోక ముందు దానికి సూరత్, నవ్సారీలే ఆధారం. ఓడలు కట్టిన లవ్జీ నుస్సేర్వాంజీ వాడియా 1736లో సూరత్ నుంచే బొంబాయికి వెళ్లాడు. దూరదేశాలంటే జంకు లేని వర్తక కుటుంబాల మనుమలు, మునిమనుమలు సైకిలెక్కి లోకం చూడబోవటాన్ని ఆ సంప్రదాయానికి కొనసాగింపుగా భావించవచ్చు. అయితే తాతలు లాభం కోసం పోయారు. వీరు పోయినది చూసి రావటానికి.

ఆ ఆరుగురూ ఒక వ్యాయామశాల సభ్యులు, బరువులెత్తటంలో ఆరితేరినవారు. సైకిలు వారికి వృత్తి కాదు. బలూచిస్తాన్, పర్షియా, మెసొపొటేమియాల మీదుగా, సిరియా ఎడారి దాటి యూరప్ చేరారు. ఆల్ప్స్ పర్వతాలు ఎక్కి దిగారు. ఆనాటి సైకిలు బరువు, ఆనాటి దారి తలచుకొంటే ఆ ఎక్కుడులో చాలా భాగం నెట్టుకుంటూ నడచినదే అయి ఉండాలి. కపాడియా టెహ్రాన్ నుంచి ఇంటికి మరలాడు. పోచ్ఖానావాలా న్యూయార్క్ నుంచి వెనుదిరిగాడు. హాథీరాం అమెరికాలోనే స్థిరపడ్డాడు. మిగిలిన ముగ్గురు జపాన్, కొరియా, చైనా, ఇండోచైనా, బర్మాల గుండా 1928 మార్చిలో బొంబాయి చేరారు. దాదాపు 71,000 కిలోమీటర్లు, నాలుగేళ్ల అయిదు నెలలు.

1924లో ఫ్రామ్రోజ్ దావర్ ఒంటరిగా బయలుదేరాడు. వియన్నాలో ఆస్ట్రియా దేశస్థుడు గుస్తావ్ స్తావ్యానిక్ తోడయ్యాడు. ఇద్దరూ కలిసి సహారా దాటారు, ఆండీస్ ఎక్కారు, అమెజాన్ అడవుల్లో దిగారు. 1933లో కేకీ ఖరాస్, రుస్తం గాంధీ, రత్తన్ ష్రాఫ్ అనే మరో ముగ్గురు బయలుదేరి 1942లో తిరిగి వచ్చారు. ఒలింపిక్ పతకాల లెక్కలు చూసే చరిత్రకారులకు వీరెవరూ కనబడరు. కనుక భారతీయుల సైకిలు సాహసం నిన్న మొన్నటిదన్న భ్రమ వ్యాపించింది.

మధ్యకాలంలో మన దేశంలో సైకిలు పేదవాని వాహనంగా స్థిరపడింది. స్కూటరు కొనగలిగిన రోజున దాన్ని గోడకు ఆనించటం మర్యాద అయింది. మళ్లీ అది అభిరుచిగా తిరిగి వచ్చింది ఈ శతాబ్దంలోనే. పుణెకు చెందిన దివ్యా తాటే నాయకత్వాన ఆడాక్స్ ఇండియా సంస్థ దేశమంతటా బ్రెవేలను వ్యాపింపజేసింది. 2019 నాటికి పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్రకు భారతదేశం నుంచి వందల మంది వెళ్లారు. వారిలో అధికులు గడువులోపల ముగించలేకపోయారు. ఆ దారిలో పెద్ద పర్వతం ఒక్కటీ లేదు. ఎడతెగని చిన్నచిన్న మిట్టలే కలిసి పది వేల మీటర్లు దాటిన ఎక్కుడవుతాయి. చలి, వాన, నిద్రలేమి తోడవుతాయి. మైదానంలో సంపాదించిన వేగం అక్కడ అక్కరకు రాదని ఆ ఏడాది ఫలితాలు చూపాయి.

కనుమకు అవతలి అంచున, దక్కను పీఠభూమి మీద ఉన్న నాసిక్ కథ వేరు. సాపుతారా మీదుగా పోతే సూరత్‌కు అది పొరుగు నగరమే. అక్కడి వైద్య సోదరులు హితేంద్ర, మహేంద్ర మహాజన్ 2015లో ఇద్దరు సభ్యుల జట్టుగా ‘రేస్ ఎక్రాస్ అమెరికా’ పూర్తిచేశారు. 1982లో ఆరంభమైన ఆ పందెం అమెరికా పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి సుమారు 4,800 కిలోమీటర్లు సాగుతుంది. రాకీ పర్వతాలలో 3,300 మీటర్ల కనుమ దాటించి, అపలాచియన్ కొండలలో మిగిలిన ఓపికను పరీక్షిస్తుంది. 2017లో సైన్యంలో వైద్యుడైన లెఫ్టినెంట్ కర్నల్ శ్రీనివాస్ గోకుల్‌నాథ్, నాగ్‌పూర్ వైద్యుడు అమిత్ సమర్థ్ ఒంటరి విభాగంలో, పన్నెండు రోజుల గడువుకు కొద్ది గంటల ముందు, గమ్యం చేరారు. ఆ విభాగాన్ని ముగించిన తొలి భారతీయులు వారే. గోకుల్‌నాథ్ అంతకు ముందు ఏడాది మధ్యలో విరమించుకొన్నవాడు.

కొండ లేని ఊరిలో కొండకు ఎలా సిద్ధపడాలి? సూరత్ సవారీదారు ముందున్న అసలు ప్రశ్న ఇది. తాపీ మీది వంతెనలు, నగరంలోని పైవంతెనలు తప్ప అతనికి మిట్ట లేదు. తెల్లవారుజామున వాహనాలు పలచగా ఉన్నప్పుడు ఒకే వంతెనను పదేపదే ఎక్కి దిగటం ఒక ఉపాయం. డుమ్మస్ వైపు సముద్రపు ఎదురుగాలిలో తొక్కటం మరొకటి. గాలిని కొండకు ప్రతినిధిగా చేసుకోవటమన్నమాట. ఈ ఉపమానం సగమే సరిపోతుంది. ఎదురుగాలిలో వేగం తగ్గించుకొంటే శ్రమ తగ్గుతుంది. కొండ మీద ఎంత నెమ్మదిగా పోయినా ఎత్తవలసిన బరువు ఎత్తక తప్పదు. మనిషి, సైకిలు కలిసి 85 కిలోలనుకొంటే, దాన్ని వెయ్యి మీటర్లు ఎత్తటానికే శరీరం ఎనిమిది, తొమ్మిది వందల కాలరీలు ఖర్చుచేస్తుంది. కనుక అనుభవజ్ఞులు కాళ్ల కంటే ముందు కడుపును సిద్ధం చేసుకొంటారు. ఆకలి వేయక ముందే తినటం, దాహం వేయక ముందే త్రాగటం నెలల తరబడి సాధన చేయవలసిన విద్య.

ఈ నగరంలో సైకిలుకు మరొక ముఖం కూడా ఉంది. మరమగ్గాల మీద పన్నెండు గంటల వంతు ముగించుకొని ఇంటికి పోయే కార్మికుడు దాన్ని తొక్కినది అభిరుచితో కాదు. ఒడిశాలోని గంజాం జిల్లావారు, ఉత్తరప్రదేశ్‌వారు, తెలంగాణ పల్లెల నుంచి వచ్చి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడిన పద్మశాలీలు ఆ మగ్గాల చప్పుడులోనే తరాలు గడిపారు. ఓర్పు విషయంలో వారికి ఏ బ్రెవే నేర్పవలసినది లేదు. వారికి లేనిది తీరిక. ఔత్సాహికుడు అనే మాటకు వెనుక ఒక సెలవు దినం, ఒక మంచి సైకిలు, మరునాడు నిద్రపోగలిగిన ఇల్లు ఉన్నాయి. ఈ క్రీడను మెచ్చుకొనే వ్యాసాలు తరచు ఈ సంగతి దాటవేస్తాయి. బ్రెవే నియమావళి పేద, ధనిక భేదం పాటించదు. సాధారణమైన సైకిలునూ అనుమతిస్తుంది. కాని ఆదివారం కూడా మగ్గం ఆగని చోట ఆ అనుమతి కాగితం మీదనే మిగులుతుంది. గుజరాతీ సంపన్నులు, ఉద్యోగులతో పాటు మగ్గపు కార్మికుని కొడుకు కూడా సాపుతారా ఎక్కిన నాడు ఈ క్రీడకు సూరత్‌లో వేళ్లు దిగినట్లు.

సూరత్ నుంచి సాపుతారా పోయి రావటం దాదాపు 320 కిలోమీటర్లు. 300 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 20 గంటలు. 200కు పదమూడున్నర, 400కు 27, 600కు 40 గంటలు. దారిలో ఆగిన ప్రతి నిమిషం, టీ త్రాగినా, ట్యూబు మార్చినా, ఆ గడువులోనిదే. చీకటిలో ముందు వెనుక దీపాలు, మెరిసే పట్టీల చొక్కా తప్పనిసరి. బయటివారి సహాయం నియమిత స్థానాలలో తప్ప పొందరాదు. వానాకాలంలో డాంగ్ అడవి అందంగానే ఉంటుంది గాని, తడిసిన మలుపులలో బ్రేకులు పట్టవు. వేసవిలో మధ్యాహ్నపు తారురోడ్డు మనిషిని నిలువనీయదు. అందుచేత శీతకాలమే యోగ్యం.

అర్ధరాత్రి దాటాక బయలుదేరినవారికి వాఘాయి దగ్గర తెల్లవారుతుంది. అక్కడి నుంచి అసలు పని. మొదటి మలుపులలో మాటలు వినబడతాయి; తరువాత గొలుసు చప్పుడు, ఊపిరి. పర్యాటకుల కార్లు హారను మోగిస్తూ దాటిపోతాయి. ఎక్కుతున్నవాడు దూరం చూడడు. ఎదుటి మలుపు దాకానే లెక్క. పైన ముద్ర వేయించుకొన్న తరువాత దిగటం సులువని కొత్తవారు అనుకొంటారు. ప్రమాదానికి ఎక్కువ ఆస్కారం ఉన్నది అక్కడే. అలసిన చేతులు బ్రేకులను పట్టి ఉంచవు, చెమటకు తడిసిన దేహం గాలికి వణుకుతుంది. కొండ దిగిన తరువాత మిగిలేది మైదానం. ఉదయం చీకటిలో ఇట్టే గడిచిన ఆ చెరకు తోటల దారే మధ్యాహ్నం పడమటి ఎదురుగాలిలో రెట్టింపు పొడవు అవుతుంది. విరమించుకొనేవారిలో కొందరు కొండ మీద కాక, ఇల్లు అరవై కిలోమీటర్లు ఉందనగా సైకిలు దిగుతారు. పన్నెండు గంటలలో ముగించినవానికీ, పందొమ్మిది గంటల యాభై నిమిషాలకు చేరినవానికీ కార్డు మీద పడే ముద్ర ఒకటే. ఫలితాలు పారిస్‌కు వెళతాయి. పేర్ల పట్టిక వరుస సంఖ్యలు లేకుండా అక్షరక్రమంలో వస్తుంది.