హైదరాబాదు మహానగర ప్రాంతం: జనాభా పరిమాణం, పెరుగుదల

తెలంగాణ రాజధాని హైదరాబాదును, దాని జంటనగరమైన సికింద్రాబాదును, కంటోన్మెంటును, చుట్టూ ఉన్న పురపాలికలను, నగరంలో కలిసిపోయిన గ్రామాలను కలిపి హైదరాబాదు మహానగర ప్రాంతంగా వ్యవహరిస్తారు. 2011 జనగణన తొలి లెక్కల్లో దీని జనాభా 77.49 లక్షలు కాగా, తర్వాత వెలువడిన తుది పట్టికల్లో 76.77 లక్షలుగా ఉంది. రెండు అంకెలూ వాడుకలో ఉన్నప్పటికీ ఈ వ్యాసంలో తుది అంకెకే ప్రాధాన్యం ఇవ్వడమైనది. ఆ జనగణనలో ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, బెంగళూరుల తర్వాత హైదరాబాదుది దేశంలో ఆరవ స్థానం. 1881 నాటి 3.67 లక్షలతో పోలిస్తే 130 ఏళ్లలో జనాభా సుమారు ఇరవై ఒక్క రెట్లయినట్లు కనిపిస్తుంది గాని, ఈ పెరుగుదలలో జననాలు, వలసలతో పాటు సరిహద్దులు జరుగుతూ వచ్చిన తీరుకూ పాత్ర ఉంది.

నిర్వచనాలు

మహానగరం అన్న మాటకు భారతదేశంలో కనీసం మూడు అర్థాలున్నాయి. మొదటిది రాజ్యాంగపరమైనది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణతో చేరిన 243-పి అధికరణం ప్రకారం పది లక్షలు, ఆపై జనాభా ఉండి, ఒకటికి మించిన స్థానిక సంస్థల పరిధిలో విస్తరించి, గవర్నరు ప్రకటించిన ప్రాంతం మహానగర ప్రాంతమవుతుంది. రెండవది జనగణన శాఖ వాడే పట్టణ సముదాయం, అంటే అర్బన్ అగ్లోమరేషన్: ప్రధాన పట్టణం, దానిని ఆనుకొని ఎడతెగకుండా సాగిన ఇతర పట్టణాలు, ఔట్ గ్రోత్ అనబడే గ్రామ పరిధిలోని పట్టణ విస్తరణలు కలిసిన ముద్ద. 1961లో పట్టణ సమూహం అన్న పేరుతో మొదలైన ఈ పద్ధతి 1971 నుంచి నేటి రూపంలో అమలవుతున్నది. మూడవది ప్రణాళికాపరమైనది. హైదరాబాదుకు 1975లో ఏర్పడిన హుడా (హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ), దాని స్థానంలో 2008లో వచ్చిన హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ), తమ పరిధిలోని సాగుభూములను, అడవులను, చెరువులను కూడా కలుపుకొన్నవి కాబట్టి వాటి విస్తీర్ణాన్ని బట్టి జనసాంద్రతను లెక్కించడం పొరపాటుకు దారితీస్తుంది.

పురపాలక హోదా లేకున్నా కనీసం 5,000 జనాభా, పురుష ప్రధాన శ్రామికుల్లో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండడం, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది సాంద్రత ఉన్న ఊరిని జనగణన పట్టణంగా గుర్తిస్తారు. కాలక్రమంలో జనాభాను పోల్చడానికి పై మూడింటిలో పట్టణ సముదాయపు లెక్కలే ఎక్కువ ఆధారపడదగినవి.

తొలి లెక్కలు: 1881–1921

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో నిర్మించిన నగరానికి పదిహేడవ శతాబ్దపు యాత్రికులు వేసిన జనాభా అంచనాలు లెక్కింపుపై ఆధారపడినవి కావు కాబట్టి వాటిని ఇక్కడ పరిగణించలేదు. క్రమబద్ధమైన గణన 1881తో మొదలైంది. ఇంపీరియల్ గెజిటీర్ నమోదు చేసిన ప్రకారం 1881లో 3,67,417, 1891లో 4,15,039, 1901లో 4,48,466 మంది ఉన్నారు. కలకత్తా, బొంబాయి, మద్రాసుల తర్వాత నాలుగవ పెద్ద నగరంగా హైదరాబాదు పేరొందింది ఈ లెక్కతోనే. అయితే ఈ అంకెల్లో కోటగోడల లోపలి నగరమే కాక శివార్లు, రెసిడెన్సీ బజార్లు, సికింద్రాబాదు, బొల్లారం కూడా చేరి ఉన్నాయి. 1806లో బ్రిటిషు సైనిక స్థావరంగా ఏర్పడిన సికింద్రాబాదును కలిపి లెక్కించడం వల్ల, పాలన వేరైనా జనావాసం ఒకటేనన్న దృష్టి తొలి గణనల్లోనే ఉన్నదని చెప్పవచ్చు.

1911లో జనాభా సుమారు 5 లక్షలకు చేరి, 1921 నాటికి సుమారు 4.04 లక్షలకు పడిపోయింది. కొన్ని పట్టికలు ఈ రెండేళ్లకూ ఒకటి రెండు వేలు హెచ్చుగా చూపుతాయి. ఏది తీసుకున్నా తగ్గుదల దాదాపు అయిదో వంతు. దీనికి కారణాలుగా ప్లేగు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, కరవు చెప్పబడుతున్నాయి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను కూడా కొందరు ఇందులో చేర్చుతారు గాని, ఆ వరద 1911 గణనకు ముందటిది కావడం వల్ల ఈ దశాబ్దపు క్షీణతను దానికి ఆపాదించడం సరికాదు. వరద ప్రభావం వేరే రూపంలో కనిపించింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలపై మూసీ, ఈసీ నదులకు అడ్డుకట్టలుగా ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇరుకు బస్తీలను తొలగించి వీధులు వెడల్పు చేయడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. దాని స్థాపన సంవత్సరం కొన్ని చోట్ల 1914 అని ఉన్నా, 1912 అన్నదే ఎక్కువగా కనిపిస్తుంది.

1931–1961

1931లో సుమారు 4.67 లక్షలుగా ఉన్న జనాభా 1941కి సుమారు 7.39 లక్షలైంది. పదేళ్లలో 58 శాతం పెరగడానికి ఆజమాబాదు వంటి పారిశ్రామిక ప్రాంతాల ఏర్పాటు, రాజధానిలో కొలువుల విస్తరణ, జిల్లాల నుంచి వలసలు ప్రధాన కారణాలు కావచ్చు. 1951లో పది లక్షల గీత దాటిన నగరాలు దేశంలో అయిదే కాగా, కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీలతో పాటు హైదరాబాదు అందులో ఒకటి. ఆ ఏటి జనాభా 10.86 లక్షలని ఒక లెక్క, సుమారు 11.28 లక్షలని మరొక లెక్క. పరిధిలో తేడాయే దీనికి కారణమని భావించాలి.

తర్వాతి దశాబ్దంలో పెరుగుదల బాగా మందగించింది. 1961లో పురపాలక పరిధిలో 11.19 లక్షలు, పట్టణ సమూహంగా సుమారు 12.5 లక్షలు నమోదయ్యాయి. 1948 సైనిక చర్య ముందువెనుకల కల్లోలంలో జిల్లాల నుంచి నగరానికి చేరినవారు తిరిగి వెళ్లిపోవడం, కొందరు పాకిస్తానుకు తరలిపోవడం, 1956లో హైదరాబాదు రాష్ట్రం విడిపోయి మరాఠీ, కన్నడ ప్రాంతాల ఉద్యోగులు నగరాన్ని వదలడం ఇందుకు కారణాలుగా చెబుతారు. ఆంధ్రప్రదేశ్ రాజధాని కావడం వల్ల కోస్తా, రాయలసీమల నుంచి వచ్చినవారు ఈ లోటును కొంతమేరకే పూడ్చినట్లుంది. 1960 ఆగస్టులో సికింద్రాబాదు నగరపాలక సంస్థ హైదరాబాదులో విలీనమైంది.

1971–2001

పట్టణ సముదాయపు జనాభా 1971లో 17.96 లక్షలు, 1981లో 25.46 లక్షలు, 1991లో 43.44 లక్షలు, 2001లో 57.42 లక్షలు. 1961–71, 1971–81 దశాబ్దాలు రెంటిలోనూ 40 శాతానికి పైగా పెరుగుదల ఉండడానికి ప్రభుత్వరంగ పరిశ్రమలు బలమైన కారణం. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్ పరిసరాల్లో ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్, తూర్పున ఈసీఐఎల్, అణు ఇంధన సముదాయం వెలిసి, వాటి చుట్టూ కార్మికుల కాలనీలు పుట్టుకొచ్చాయి. 1972లో ఇక్రిశాట్ రావడంతోనూ, ఆ తర్వాతి పారిశ్రామికవాడలతోనూ పటాన్‌చెరు మెతుకుసీమకు (మెదక్ ప్రాంతానికి), నగరానికి మధ్య వారధి అయింది. అయినా ఈ కాలంలోనే బెంగళూరు హైదరాబాదును దాటిపోయింది. 1971లో సుమారు 16.5 లక్షలతో వెనుకబడి ఉన్న ఆ నగరం 1981కి సుమారు 29 లక్షలకు చేరింది.

1981–91 దశాబ్దపు 70 శాతం పెరుగుదలను ఉన్నదున్నట్లుగా స్వీకరించరాదు. 1991 గణనలో సముదాయపు పరిధిని విస్తరించి శివారు పురపాలికలను కలుపుకోవడం వల్ల, అంతకు ముందే అక్కడ ఉన్న జనం కూడా కొత్తగా వచ్చి చేరినట్లు లెక్కలో కనిపిస్తారు. 1991–2001 మధ్య పెరుగుదల 32 శాతానికి దిగడం కూడా నగరం నీరసించిందనడానికి సాక్ష్యం కాదు, ముందటి దశాబ్దపు అంకె ఉబ్బి ఉండడమే ఆ తేడాకు ముఖ్య కారణం. నిజానికి 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో పశ్చిమాన మాదాపూర్, గచ్చిబౌలి వైపు కొత్త ఆకర్షణ కేంద్రం ఏర్పడింది.

2001–2011: అంచుల పెరుగుదల

సరిహద్దుల మార్పు అంకెలను ఎలా తారుమారు చేస్తుందో ఈ దశాబ్దం స్పష్టంగా చూపుతుంది. 2001లో సుమారు 172 చదరపు కిలోమీటర్ల పాత నగరపాలక సంస్థలో 36.37 లక్షల మంది ఉన్నారు. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, ఉప్పల్ కలాన్, మల్కాజిగిరి, కాప్రా, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, పటాన్‌చెరు మొదలైన పన్నెండు పురపాలికలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను కలిపి బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థను ఏర్పరచారు. దాని విస్తీర్ణం కొన్ని పత్రాల్లో 625, కొన్నిట్లో 650 చదరపు కిలోమీటర్లుగా ఉంది. 2011లో నగరపాలక పరిధి జనాభా సుమారు 67.3 లక్షలు కావడంతో, రెండు అంకెలను పక్కపక్కన పెట్టినవారికి నగరం పదేళ్లలో 85 శాతం పెరిగినట్లు అనిపిస్తుంది. పట్టణ సముదాయంగా చూస్తే అదే కాలంలో పెరుగుదల సుమారు 34 శాతం మాత్రమే.

పెరుగుదల ఎక్కడ జరిగిందన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. చదరపు కిలోమీటరుకు 18 వేలకు పైగా జనం ఉన్న హైదరాబాదు జిల్లా 2011లో 39.43 లక్షలకు చేరి, దశాబ్ద వృద్ధి 3 శాతం దగ్గరే ఆగింది. దానిని చుట్టి ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగి 52.97 లక్షలతో రాజధాని జిల్లాను మించిపోయింది. అద్దెలు, స్థలాల ధరలు భరించలేక నడిబొడ్డు కుటుంబాలు శివార్లకు జరగడం, బయటి జిల్లాల, ఇతర రాష్ట్రాల వలసదారులు నేరుగా శివార్లలోనే దిగడం, శంషాబాద్ విమానాశ్రయం, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వంటి నిర్మాణాలు ఇందుకు దోహదం చేశాయి. మహానగరం పెరుగుతున్నదంటే అర్థం దాని అంచులు పెరుగుతున్నాయనే.

పరిధి బయటి పల్లెలు: బోరంచ, నారాయణఖేడ్ ప్రాంతం

మహానగర జనాభాను పోషించే ప్రాంతాల్లో చాలావరకు దాని ఏ నిర్వచనంలోనూ చేరవు. సంగారెడ్డి జిల్లా మనూరు మండలంలోని బోరంచ, దాని చుట్టుపక్కల నారాయణఖేడ్ పల్లెలు ఇందుకు ఉదాహరణలు. నారాయణఖేడ్ తాలూకా 1956 పునర్వ్యవస్థీకరణ వరకు బీదరు జిల్లాలో ఉండి, తర్వాత మెదక్ జిల్లాలో చేరింది, 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. కాబట్టి ఈ పల్లెల పాత జనాభా లెక్కల కోసం 1951 నాటివి, అంతకు ముందటివి అయిన బీదరు పట్టికలు చూడవలసి ఉంటుంది. ఒకే జిల్లాలో ఉన్నప్పటికీ పటాన్‌చెరు 2007లోనే నగరపాలక సంస్థలో కలిసిపోగా, నారాయణఖేడ్ ప్రాంతం ప్రతిపాదిత ప్రాంతీయ వలయ రహదారికి కూడా అవతలే ఉంది.

ఈ ప్రాంతానికి నగరంతో సంబంధం రెండు విధాలు. ఒకటి నీరు. కర్ణాటక నుంచి ఈ ప్రాంతం మీదుగానే తెలంగాణలోకి వచ్చే మంజీరపై సంగారెడ్డి దగ్గర కట్టిన ఆనకట్ట నుంచి 1965లోనూ, ఎగువన ఉన్న సింగూరు జలాశయం నుంచి 1990ల తొలినాళ్లలోనూ నగరానికి నీటి సరఫరా మొదలైంది. 2004లో కృష్ణా, 2015లో గోదావరి జలాలు అందేదాకా శివార్ల విస్తరణకు మంజీరే ప్రధానాధారం. రెండవది శ్రమ. ఇక్కడి పల్లెల, తండాల కుటుంబాలు చెరకు నరికే కాలంలో జహీరాబాద్, సంగారెడ్డి వైపే కాక పొరుగు రాష్ట్రాల చక్కెర కర్మాగారాలకు, మిగిలిన కాలంలో పటాన్‌చెరు, లింగంపల్లి వైపు నిర్మాణపు పనులకు వలస వెళ్లడం తెలిసిన విషయమే.

ఈ రాకపోకలు జనగణనకు చిక్కు తెస్తాయి. జనగణనలో గణన కాలమంతా, అంటే ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు, ఇంట లేనివారిని వారు దొరికిన చోటనే లెక్కిస్తారు. చెరకు కోత ముమ్మరంగా ఉండేది కూడా అప్పుడే. అందువల్ల ఇటువంటి పల్లెల జనాభా లెక్కలో కొంత తగ్గి కనిపించే అవకాశం ఉంది. దీనికి భిన్నంగా 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే నాడు నగరంలోని వలసదారులు పెద్ద ఎత్తున సొంత ఊళ్లకు తరలివెళ్లారు. ఆ సర్వేలోని నగర జనాభాను జనగణనతో పోల్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇతర తెలుగు నగరాలతో పోలిక

దేశంలో పది లక్షలు దాటిన పట్టణ సముదాయాలు 1951లో 5, 1981లో 12, 1991లో 23, 2001లో 35, 2011లో 53. వీటిలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన విశాఖపట్నం 17.28 లక్షలతో, విజయవాడ 15 లక్షలకు కొంచెం తక్కువతో ఒకదానికొకటి దరిదాపుల్లో ఉన్నాయి. తెలంగాణలో హైదరాబాదు తర్వాతిదైన వరంగల్లు 7.6 లక్షలతో దానిలో పదో వంతే. 3.5 కోట్ల రాష్ట్ర జనాభాలో అయిదో వంతుకు మించి, పట్టణ జనాభాలో సగానికి మించి ఒకే సముదాయంలో ఉండడం తెలంగాణ ప్రత్యేకత.

2011 తర్వాత

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడడంతో 2011 తర్వాతి అంకెలన్నీ అంచనాలే. ఐక్యరాజ్యసమితి 2018 నాటి అంచనా హైదరాబాదు 2020 ప్రాంతంలో కోటికి చేరుతుందని, 2030కి కోటీ పాతిక లక్షలు దాటుతుందని లెక్కగట్టింది. ఇది పాత వృద్ధి రేటును ముందుకు పొడిగించిన లెక్క కాబట్టి దానిని గణన ఫలితంగా ఉటంకించరాదు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సంతానోత్పత్తి రేటు 1.8కి, అంటే తరం భర్తీకి అవసరమైన 2.1 కంటే తక్కువకు దిగినందున ఇకపై పెరుగుదలలో జననాల వాటా తగ్గి వలసల వాటా హెచ్చుతుందని భావించవచ్చు.

ఈలోగా సరిహద్దులు మళ్లీ జరిగాయి. 2025లో హెచ్‌ఎండీఏ పరిధిని సుమారు 7,250 చదరపు కిలోమీటర్ల నుంచి 10,400కు పైగా పెంచారు. అదే ఏడాది నవంబరులో తెల్లాపూర్, అమీన్‌పూర్, బొల్లారం సహా 27 శివారు పురపాలక సంస్థలను బృహత్ నగరంలో విలీనం చేయాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. రాబోయే జనగణన 2027 మార్చి 1ని ఆధార తేదీగా తీసుకుంటుంది. అందులో వెలువడే నగర జనాభాను 2011 నాటి 67.3 లక్షలతో నేరుగా పోల్చరాదు. కొత్త పరిధికి సరిపడేలా 2011 లెక్కను సవరించి, పట్టణ సముదాయాన్ని పట్టణ సముదాయంతోనే పోల్చినప్పుడే హైదరాబాదు ఎంత పెరిగిందో తేలుతుంది.