తంగేడు లేని చోట గోల్డెన్‌రాడ్

పోయినవారం కూరగాయల మడుల గురించి చెప్పుకున్నాం. ఈవారం అమెరికా అడవిపూల సంగతి, వాటి వెనకున్న చరిత్రతో సహా.

మేముండేది మేరీలాండ్‌లో. 2022 ఆగస్టులో మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటి ముందర కలుపు నాలుగడుగులు పెరిగింది, పదిహేను రోజుల్లో కొట్టించకపోతే జరిమానా అని. వాళ్ళు కలుపన్నది గోల్డెన్‌రాడ్‌ని. అప్పుడు అమ్మ కరీంనగర్ నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. మొగ్గలు పసుపు తిరగడం చూసి, "గిది మన తంగేడు లెక్కనే ఉన్నది బిడ్డా, బతుకమ్మ దాక ఉంచు" అంది. బతుకమ్మ ఇంకా నెల పైమాటే.

తమాషా ఏమిటంటే, ఈ మొక్క పుట్టిల్లు ఇదే. పుట్టింట్లో కలుపు, పరాయి దేశంలో పూలమొక్క! ఫిలడెల్ఫియాలో జాన్ బార్ట్రమ్ అనే రైతు ఉండేవాడు. 1728లో స్కూల్‌కిల్ నది ఒడ్డున భూమి కొని తోట వేశాడు. పెద్ద చదువుల్లేవు. లండన్‌లో బట్టల వ్యాపారి పీటర్ కాలిన్సన్‌తో ఉత్తరాల స్నేహం కుదిరింది. ఇక్కడి అడవుల్లో విత్తనాలు ఏరి, పెట్టెకు సుమారు వంద రకాల చొప్పున ఓడల్లో పంపేవాడు. పెట్టె ఐదు గినీలు. ఇంగ్లండు జమీందారులు వాటికోసం ఎగబడ్డారు. 1743లో ఆయన ఒంటారియో సరస్సు ఒడ్డున ఆస్వీగో దాకా వెళ్ళాడు. అక్కడినుంచి పంపిన ఎర్రపూల మొక్కే ఆస్వీగో టీ, ఇప్పుడు మనం నర్సరీల్లో బీ బామ్ పేరుతో కొంటున్నది. ఇక్కడి ఊదారంగు ఆస్టర్‌కి ఇంగ్లండులో సెప్టెంబరు చివర వచ్చే పండుగ పేరు పెట్టి మైకెల్మస్ డైసీ అన్నారు. వాళ్ళకీ అది పండుగ పువ్వే అయిందన్నమాట.

బార్ట్రమ్ తోట, ఆయన రాతి ఇల్లు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళండి.

గోల్డెన్‌రాడ్‌కి ఇంకో కథ ఉంది. 1927లో ఎడిసన్, ఫోర్డ్, ఫైర్‌స్టోన్ కలిసి అమెరికాలోనే రబ్బరు పండించాలని సంస్థ పెట్టారు. ఎడిసన్ వేల మొక్కలు పరీక్షించి చివరికి దీన్నే ఎంచుకున్నాడు. 1931లో ఆయన పోయాడు. తర్వాత కృత్రిమ రబ్బరు రావడంతో ఆ ముచ్చట తీరలేదు.

పక్కింటాయన తన తుమ్ములకి మా మొక్కలే కారణమన్నాడు. పాపం, అది అందరూ పడే పొరపాటే. అదే రోజుల్లో పూసే రాగ్‌వీడ్ పుప్పొడి గాలిలో ఎగురుతుంది. దాని ఆకుపచ్చ పూలు ఎవరి కంటా పడవు. గోల్డెన్‌రాడ్ పుప్పొడి జిగట, తేనెటీగలు మోయాల్సిందే.

సరే, ఉత్తరం సంగతి. మా రాష్ట్రంలోనే ఒక దంపతులు ఇలాంటి తోట కోసమే తమ సంఘం మీద దావా వేశారు. ఆ గొడవ తర్వాత చట్టం వచ్చింది. 2021 అక్టోబరు నుంచి మేరీలాండ్‌లో సంఘాలు ఇలాంటి తోటల మీద అర్థంలేని ఆంక్షలు పెట్టకూడదు. ఆ చట్టం ప్రతి జతచేసి జవాబు రాశాను. అంచులు మాత్రం శుభ్రంగా కత్తిరించి, చుట్టూ రాళ్ళు పేర్చాను. చూసేవాళ్ళకి ఇది తోట అని తెలియాలి కదా! మళ్ళీ ఉత్తరం రాలేదు.

మీరూ వేస్తే, పాకిపోయే కెనడా రకం కాక "ఫైర్‌వర్క్స్" లాంటిది తెచ్చుకోండి. విత్తనాలైతే నవంబరు, డిసెంబరుల్లోనే బయట చల్లండి, చలి తగిలితే బాగా మొలుస్తాయి. మొదటి ఏడు పూలు రాకపోతే దిగులుపడకండి, వేళ్ళు పెంచుకుంటున్నాయనుకోండి.

ఆ ఏడు బతుకమ్మ పసుపు, ఊదా రంగుల్లో లేచింది. అమ్మ తిరుగు ప్రయాణంలో గింజలు మూట కట్టుకుంది. నేను వద్దన్నాను. చైనాలో, యూరప్‌లో ఈ మొక్కే పొలాలకీ పచ్చికలకీ ఎగబాకి నిజంగానే కలుపైంది. మూట విప్పించాను. ఎయిర్‌పోర్టు దాకా అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు.