పోగు-మాతృక బంధ విచ్ఛేదం

పోగు-మాతృక బంధ విచ్ఛేదం అనగా సంయుక్త పదార్థాలలో బలాన్నిచ్చే పోగులకు, వాటిని పట్టి ఉంచే మాతృకకు నడుమనున్న తలం వెంబడి పగులు ఏర్పడి ఆ రెండూ విడిపోవడం. సంయుక్త పదార్థాలను వాడుకలో కాంపోజిట్లు అనీ, గాజుపోగులతో చేసినవాటిని ఫైబర్ గ్లాస్ లేదా ఫైబరు అనీ అంటారు. పోగు, మాతృక కలిసే తలాన్ని ఈ వ్యాసంలో సంధితలం అని వ్యవహరించడమైనది.

గోడ కట్టే మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కడం ఈ సూత్రానికి పాత ఉదాహరణ. పెచ్చు విరిగినపుడు గడ్డిపోచ తెగకుండా మట్టిలోనుండి ఊడివస్తే అక్కడ జరిగినది బంధ విచ్ఛేదమే. అయితే కార్బన్ పోగు మందం సుమారు 5 నుండి 7 మైక్రాన్లు మాత్రమే. గాజుపోగు మందం సాధారణంగా 10 నుండి 20 మైక్రాన్లు. ఇంత సన్నని పోగుల చుట్టూ మొదలయ్యే పగులు కంటికి కనబడదు. అందుచేత దానిని గణితం ద్వారా ముందుగా అంచనా వేయవలసి వస్తుంది. ఈ అంచనా పద్ధతులనే నమూనాలు అంటారు.

విశాఖపట్నంలో ప్రాధాన్యం

విశాఖపట్నం ఉక్కు నగరమే అయినా, దాని రేవులో ఉక్కుతో పాటు సంయుక్త పదార్థాలూ సముద్రానికి ఎదురొడ్డుతున్నవి. 2017 అక్టోబరు 16న ఇక్కడ నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. కిల్తాన్, 2020 అక్టోబరు 22న చేరిన ఐ.ఎన్.ఎస్. కవరత్తి యుద్ధనౌకల పై కట్టడాలు కార్బన్ పోగుల సంయుక్త పదార్థంతో నిర్మించబడినవి. రెండు నౌకలూ కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ కేంద్రంలో తయారైనవి. పై భాగం బరువు తగ్గితే నౌకకు స్థిరత్వం పెరుగుతుంది. కోస్తా మత్స్యకారుల ఫైబరు పడవలు గాజుపోగుల కోవకు చెందినవి.

ఉక్కులో పగులు కొన వద్ద లోహం సాగి, పగులును కొంతవరకు మొద్దుబారుస్తుంది. ఎపాక్సీ వంటి పెళుసు మాతృకకు ఆ సాగుడు గుణం బహుస్వల్పం. కాబట్టి ఉక్కు విషయంలో సంపాదించిన అనుభవాన్ని యథాతథంగా ఇక్కడ వర్తింపజేయరాదు.

బలం పోగుకు చేరే విధం

లాగుడు బలం మాతృకనుండి పోగుకు సంధితలం మీది కోత ప్రతిబలం ద్వారా చేరుతుంది. దీనిని 1952లో కాక్స్ గణితబద్ధం చేశాడు. ఆయన పరిశీలించినది కాగితం వంటి నారమయ పదార్థాలను కావడం విశేషం. 1965లో కెల్లీ, టైసన్ దీనిని మరింత సరళం చేశారు. పోగు పూర్తి బలాన్ని మోయాలంటే దానికి కనీసం ఒక నిర్ణీత పొడవు ఉండాలి. పోగు బలాన్ని దాని మందంతో హెచ్చించి, సంధితలపు కోత బలానికి రెట్టింపుతో భాగిస్తే ఆ సంధి పొడవు వస్తుంది.

ఉదాహరణకు పోగు బలం 2000 మెగాపాస్కల్, మందం 10 మైక్రాన్లు, సంధితలపు బలం 40 మెగాపాస్కల్ అనుకుంటే ఆ పొడవు 250 మైక్రాన్లు, అనగా పావు మిల్లీమీటరు. సంధితలపు బలం సగానికి పడిపోతే పొడవు అర మిల్లీమీటరు అవుతుంది. అంతకన్నా పొట్టి పోగులు తెగకుండానే ఊడివస్తాయి, వాటి బలం వృథా అవుతుంది.

అట్లని బంధం ఎంత గట్టిదైతే అంత మేలనుకోవడం పొరపాటు. 1964లో కుక్, గోర్డన్ చూపినట్లు, ఎదురుగా వచ్చే పగులును తగుమాత్రం బలహీనమైన సంధితలం పక్కకు మళ్ళించి ఆపగలదు. బంధం మరీ గట్టిదైతే పగులు పోగులను కోసుకుంటూ నేరుగా పోతుంది.

పగులు మొదలు, పెరుగుదల

పోగుకు అడ్డంగా లాగినపుడు పరిస్థితి అన్నిటికంటె ప్రమాదకరం. లాగే దిశలో పోగుకు రెండు వైపులా ఉన్న ధ్రువాల వద్ద సంధితలం ముందుగా వీడుతుంది. పగులు పోగు చుట్టూ వంపు తిరుగుతూ, ధ్రువం నుండి సుమారు 60, 70 డిగ్రీల వరకు పోయి, ఆపై మాతృకలోకి మళ్ళుతుంది. పక్క పోగుల దగ్గరి పగుళ్ళు దానితో కలిసి పొరనిండా పగులు ఏర్పడుతుంది.

పగులు ఎప్పుడు మొదలవుతుంది? ప్రతిబలం హద్దు మీరినపుడు అన్నది సహజంగా తోచే సమాధానం. కాని అది చాలదు. పోగు సన్ననిదైనా లావైనదైనా ఆకారం ఒకటే కాబట్టి దాని చుట్టూ ప్రతిబలాలు ఒకే తీరుగా ఉంటాయి. విడుదలయ్యే శక్తి మాత్రం పోగు మందాన్ని బట్టి మారుతుంది. కొత్త ఉపరితలాలు ఏర్పడడానికి తగినంత శక్తి లభిస్తేనే పగులు పెరుగుతుందని 1921లో గ్రిఫిత్ గాజుపై చేసిన పరిశోధనలో నిరూపించాడు. ప్రతిబలం, శక్తి అను రెండు షరతులూ ఏకకాలంలో నెరవేరాలని 2002లో లెగియోన్ ప్రతిపాదించాడు.

రెండు భిన్న పదార్థాల మధ్య పగులుకు మరొక చిక్కు ఉన్నది. 1959లో విలియమ్స్ చేసిన లెక్క ప్రకారం పగులు కొన సమీపంలో ప్రతిబలాలు అనంతంగా ఊగిసలాడతాయి. దాని పర్యవసానంగా రెండు ముఖాలు ఒకదానిలోనికొకటి చొచ్చుకుపోవాలి. ప్రకృతిలో ఇది అసాధ్యం. పగులు కొన వద్ద ముఖాలు ఒకదానినొకటి తాకుతాయని భావించి 1977లో కొమ్నినౌ ఈ చిక్కును పరిష్కరించింది.

నేటి కంప్యూటరు గణనలలో ఎక్కువగా వాడబడేది సంసక్తి మండల నమూనా. దీనికి మూలం డగ్డేల్ (1960), బారెన్‌బ్లాట్ (1962). దీనిని 1987లో నీడిల్‌మన్ మాతృకనుండి కణాలు విడిపోయే సమస్యకు అన్వయించాడు. ఇందులో సంధితలం ఒక్కసారిగా తెగదు. ముఖాలు ఎడమయ్యేకొద్దీ వాటి మధ్య పట్టు ఒక గరిష్ఠానికి పెరిగి, తరువాత తగ్గి శూన్యమవుతుంది. గ్రాఫు గీస్తే దాని కింది వైశాల్యమే పగులుకు కావలసిన శక్తి. ఇటువంటి గణనలు సాధారణంగా పరిమిత మూలక పద్ధతిలో జరుగుతాయి. జాలం అక్కరలేని పద్ధతులలో పేరొందిన ఒకదానిని 1998లో రూపొందించినవారిలో గుడివాడలో జన్మించిన అట్లూరి సత్యనాథం ఒకరు. ఆయనకు 2013లో పద్మభూషణ్ లభించినది.

ఉప్పునీటి ప్రభావం

పై నమూనాలన్నీ సంధితలపు బలం, శక్తి స్థిరమని భావిస్తే రేవు పట్టణంలో ఆ భావన నిలువదు. తయారీలో వేడిచేసి చల్లార్చినపుడు మాతృక పోగుకన్నా ఎక్కువగా ముడుచుకొని పోగును బిగించి పట్టుకుంటుంది. మాతృక నీటిని పీల్చి ఉబ్బినపుడు ఈ బిగువు సడలుతుంది. గాజుపోగుకు, మాతృకకు వంతెనగా పూసిన సిలేన్ పూత బంధాలను నీరు క్రమంగా విడగొడుతుంది. కార్బన్ పోగుకు ఈ బాధ తక్కువే గాని, అది ఉప్పునీటిలో ఉక్కును తాకితే ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. అందువల్ల రెండింటికీ నడుమ విద్యుత్తు పారని పొర ఉంచాలి.

లోపలి విచ్ఛేదాన్ని ఉపేక్షిస్తే ఏమవుతుందో 2023 జూన్ 18న ఉత్తర అట్లాంటిక్‌లో నలిగిపోయిన టైటాన్ జలాంతర వాహనం చూపినది. అందులోని ఐదుగురూ మరణించారు. దాని పీపా కార్బన్ పోగుల పొరలతో చేయబడినది. అక్కడ విడిపోయినవి పొరలు. పోగు స్థాయి విచ్ఛేదానికి అది పెద్ద రూపం. 2022లో ఒక మునక చివర వినిపించిన పెద్ద చప్పుడు హెచ్చరికగా గ్రహింపబడలేదు.

విలువలను కొలవడం

నమూనాకు కావలసిన విలువలను ఒంటిపోగు పరీక్షలతో రాబడతారు. ఒక పోగును మాతృకలో పొదిగి, ఇక ముక్కలు కానంతవరకు లాగి, ఆ ముక్కల పొడవులను సూక్ష్మదర్శినిలో కొలుస్తారు. ఇంకొక పద్ధతిలో పోగుపై చిన్న జిగురుబొట్టును గట్టిపరచి, దానిని రెండు పలకల నడుమ పట్టి ఊడదీస్తారు. ఒకే పదార్థానికి ఈ రెండు పరీక్షలు తరచు వేర్వేరు విలువలనిస్తాయి. నౌకకు వాడే పదార్థమైతే నమూనా ముక్కలను ఉప్పునీటిలో నెలల తరబడి నానబెట్టి, మరల పరీక్షించి, తగ్గిన విలువలనే గణనలో వాడాలి.