కరవుసీమలో బండిచక్రము

ధర్మవరమునకు, కదిరికి నడుమనున్న ముదిగుబ్బ ప్రాంతమున దారి ఒకటే యైనను నేల ఒకటి గాదు. ఒకచోట ఎఱ్ఱని గరుసు, వేరొకచోట రాళ్లు, మఱియొకచోట నీరింకి ఇసుకబయలుగా మిగిలిన ఏటిపాయ. ఉత్తరముగా తాడిపత్రి, ఉరవకొండ వైపు సాగిన నల్లరేగడి ఎదురగును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు ఈ సీమలో ఎద్దు బలమే రైతు బలము. ఆ బలమును మిగుల్చునదో, మింగునదో బండిచక్రము.

1800 లో నిజాము ఈ దత్తమండలములను కుంఫిణీవారికి అప్పగించిన పిమ్మట, మన్రో దొర 1807 వరకు ఇచట కలెక్టరుగా నుండెను. ఆ కాలమున దూరపు సరకు ఎక్కువగా పెరిక ఎద్దులమీదనే, లంబాడీల బిడారులలో నడచెడిది. ఉన్న బండ్లకు పలుచోట్ల పలకలు చేర్చి కోసిన ముద్దచక్రములే. బాటలు బాగుపడిన కొలది ఆకుల చక్రము వ్యాపించెను.

ఈ ఆకుల చక్రపు నిర్మాణము మనము మెచ్చదగినది. ఇనుప పట్టాను చక్రపు చుట్టుకొలత కంటె రవంత చిన్నదిగా చేయుదురు. పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చిన అది సాగును. పట్టుకార్లతో ఎత్తి చక్రమునకు తొడిగి, వెంటనే నీళ్లు పోయుదురు. పట్టా ముడుచుకొని ఆకులను, అంచుచెక్కలను, నడిమి కుండను ఒక్క బిగువున పట్టును. రవంత యనగా ఎంత? ఆ లెక్క కమ్మరి కంటిలో నుండెడిది. ఎక్కువ తగ్గించిన ఆకులు వంగును. తక్కువైన వేసవి ఎండకు కొయ్య ఎండి పట్టా ఊడిపోవును. ఎండలు మెండైన ఈ సీమలో రెండవదే పెద్ద బెడద.

ఇక కొలత. చక్రము 4 నుండి 5 అడుగుల ఎత్తుండుట వట్టి ఆడంబరము కాదు. పెద్దచక్రము గుంటలో పడక దాటును, రాతిని సులువుగా ఎక్కును. సన్నని పట్టా తడిసిన రేగడిలో బురదను కోసికొని, అడుగునున్న గట్టినేలను పట్టును. కాని ఇసుకలో ఆ సన్నదనమే శత్రువు. అడుగున గట్టినేల అందదు, చక్రము దిగబడుచునే యుండును. మంచుదేశములవారికిని ఇదే చిక్కు. పలుచని మంచును సన్నటైరు కోసికొని రోడ్డును అందుకొనును. లోతైన మెత్తని మంచుపై వెడల్పుటైరే తేలును. ఫిన్లాండులో 1934 లోనే మంచుకాలమునకై వేరు టైరు చేసిరి.

చక్రపు మాట ప్రాణముల మాట యగుట 1876-78 నాటి కరవులో కనబడినది. చెన్నపట్టణము నుండి రాయచూరు పోవు రైలు 1871 నాటికే పూర్తియై, గుత్తి మీదుగా నడచుచుండెను. ధాన్యము స్టేషనుకు చేరినను, మేత లేక, నీరు లేక ఎద్దులు మందలుగా చచ్చిపోవుటచే ఊళ్లకు చేర్చుట కష్టమయ్యెను. బక్కచిక్కిన జతకు చక్రపు ప్రతి ఈడ్పును బరువే. కరవు చరిత్ర వ్రాయువారు ధరలను లెక్కించినంతగా ఇరుసులను లెక్కింపరని మా అభిప్రాయము.

గాలిటైరును 1845 లో థామ్సన్ కనిపెట్టెను; 1888 లో డన్లప్ మరల కనిపెట్టి వాడుకలోనికి తెచ్చెను. బెంగాలులోని సాహాగంజ్‌లో డన్లప్ కర్మాగారము 1936 లో వెలసెను. తరువాత బండ్లకు రబ్బరుచక్రములు వచ్చెను. ఎత్తు సుమారు 3 అడుగులే గాని, వెడల్పు మెండు. కంకరరోడ్డుపై అదే జత దాదాపు రెట్టింపు బరువు లాగగలిగెను. ఇనుపపట్టా వలె రోడ్డును కోయలేదు. అయినను వెల ఎక్కువ, తుమ్మముల్లు భయము వేరు. పలువురు లారీల పాతటైర్లనే బండికి వేసికొనిరి. బెంగుళూరు మేనేజిమెంటు సంస్థ తొలి డైరెక్టరు ఎన్. ఎస్. రామస్వామిగారు 1970ల నుండి బండిని, ఎద్దుమెడను గాయపఱచు కాడిని సంస్కరింపవలెనని వాదించిరి. ఆ వాదము ఊళ్లకు నిండుగా చేరకమునుపే ట్రాక్టరు చేరెను.

నేడు ముదిగుబ్బ మీదుగా జాతీయ రహదారి పోవుచున్నది. ఇసుకయేటిలో దిగవలసిన జీపు నడుపువాడు టైరులో గాలి కొంత తగ్గించి, దాని అడుగును వెడల్పు చేసికొనును. ఇనుపపట్టాకు ఆ వీలు లేదు. ఆనాటి బండివాడు గట్టున ఆగి, వెనుకబండి వచ్చువఱకు వేచి, దాని ఎద్దులను గూడ తన కాడికి ముందు కట్టుకొని యేరు దాటెడివాడు. పిదప రెండు జతలతో మరలివచ్చి రెండవ బండిని దాటించెడివాడు.