పెడన అంగడిలో బందరు చరిత్ర

యాత్రకు వెళ్ళినవారు దేవాలయములు చూస్తారు, కోటలు చూస్తారు. తిరిగివచ్చేటప్పుడు ఇంటివారి కోసమని ఏదో ఒక బట్టల అంగడిలో అడుగుపెడతారు. అది సరకు కొనుక్కొనే చోటు గాని చరిత్ర తెలుసుకొనే చోటు కాదని మన నమ్మకం. ఒక ప్రాంతపు జనులు ఏమి తయారుచేసి, ఎవరికి అమ్మి, ఎట్లా బ్రతికినారో తెలియవలెనంటే మాత్రం అంగడి అరలలోని బట్టను విప్పి చూడటం కూడా ఒక మార్గమే. ఇటీవల కృష్ణా జిల్లాలో తిరిగినప్పుడు ఈ సంగతి మాకు బాగుగా బోధపడినది.

గుడివాడ నుండి బందరు పోయే రైలు దారిలో, బందరు ఇంకా పది కిలోమీటర్లు ఉన్నదనగా, పెడన వస్తుంది. అద్దకం పనికి పేరుపడిన ఊరు. అక్కడ మేము చూచిన అంగడి ఒకే ఒక గది. గోడల పొడవునా కొయ్య అరలు. అరల నిండా ఎరుపు, నలుపు, నీలి రంగుల దుప్పట్లు, చీరలు, తానులు. ఒక మూలన యజమాని కోడలు కుట్టుమిషను ముందు కూర్చుండి, అచ్చు తప్పిన బట్టలను, కత్తిరింపులో మిగిలిన ముక్కలను అతికి, మధ్య దూది పరచి బొంతలు కుడుతున్నది. మేము ఒక దుప్పటి అంచును చూపి వెల అడిగితే, వృద్ధుడైన ఆ యజమాని వెల చెప్పక ముందే బట్టను తిరగవేసి, "ఇటు చూడండి బాబూ, రంగు ఈవలికి దిగినదా లేదా? అది చూచి తరువాత వెల అడగండి" అన్నాడు. ఆ మాటలోని అర్థమేమో తెలియవలెనంటే నాలుగు వందల ఏండ్లు వెనుకకు పోవాలి.

గోలకొండ కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం తూర్పు కోస్తా రేవులలో ప్రముఖమైనది. డచ్చివారు 1605లో ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పినారు. 1611లో "గ్లోబ్" అనే ఓడలో ఆంగ్లేయులు వచ్చినారు. ఫ్రెంచివారు 1669లో వచ్చినారు. వీరందరూ మొదట కోరినది మన బట్టను కాదు, తూర్పు దీవులలోని మిరియాలను, లవంగాలను, జాజికాయలను. అయితే ఆ దీవులలో ఐరోపా సరకులకు గిరాకీ లేదు. అక్కడివారు కోరినది కోరమాండల్ తీరపు రంగుబట్టలు. కనుక బట్ట కొననిదే సుగంధద్రవ్యం దొరకదు. ఇట్లా బందరు అద్దకం సముద్ర వ్యాపారంలో నాణెం వలె చెల్లినది. పర్షియాకు, సయాముకు, జావాకు, జపానుకు ఒక్కొక్క దేశపు అభిరుచిని బట్టి ఒక్కొక్క విధమైన బట్ట పోయేది.

ఈ బట్టలోని మహిమ యేమిటి? ఆ కాలాన ఐరోపావారు నూలుబట్ట మీద రంగు పూయగలరు గాని, ఉతికినా పోకుండా నిలుపలేరు. మనవారు నిలిపినారు. బట్టను మొదట కరక్కాయ కషాయంలోను, గేదెపాలలోను ముంచి ఆరవేస్తారు. బెల్లపు నీటిలో తుప్పుపట్టిన ఇనుమును కొన్ని వారములు నానవేస్తే వచ్చే ద్రవం, కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. అది గీతలకు. ఎరుపు కావలసిన చోట పటిక నీరు అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపు లేశమైనా కనబడదు. తరువాత చిరివేరు వేసి బట్టను ఉడికిస్తే, పటిక తగిలిన మేర మాత్రమే ఎరుపు పట్టి నిలుస్తుంది. మిగిలిన చోట అంటిన రంగు ఉతుకులకు, ఎండకు పోతుంది. అంటే పనివాడు వేస్తున్నది రంగు కాదు, రంగు నిలిచే చోటు. నీలి కావలసినప్పుడు మిగిలిన భాగమంతా మైనంతో కప్పి నీలి తొట్టిలో ముంచేవారు. కృష్ణ ముఖద్వారపు ఇసుకనేలలలో పెరిగిన చిరివేరుకు గొప్ప పేరుండేది. 1626లో అచ్చయిన తన గోలకొండ వృత్తాంతంలో విలియం మెథ్వోల్డ్ అనే ఆంగ్ల వర్తకుడు ఈ వేరును ప్రత్యేకంగా పేర్కొన్నాడు. 1742లో కోర్దూ అనే ఫ్రెంచి క్రైస్తవ గురువు ఈ అద్దకపు విధానమంతా అంచెలంచెలుగా వివరించి తన దేశానికి లేఖ వ్రాసినాడు. మన పనివారి చేతిలోని విద్య ఇట్లా కాగితమెక్కి సముద్రం దాటినది.

ఇక ఈ బట్ట ఐరోపా పడకటిండ్లలోనికి ఎట్లా ప్రవేశించినదో చూద్దాము. పలంగ్‌పోష్ అంటే మంచం మీద కప్పేది. ఆ మాటయే ఆంగ్లేయుల నోట "పాలంపోర్" అయినది. "ఛీంట్" అనే మాట "చింట్జ్" అయినది. 1643లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ ఉద్యోగులకు వ్రాస్తూ, రంగువేసిన బొంతలలో ముదురు ఎరుపు నేల తమవారికి నచ్చడం లేదనీ, తెల్లని నేల ఎక్కువగా ఉంచి పూలూ కొమ్మలూ మధ్యన వేయించి పంపవలసినదనీ కోరినారు. లండన్ ఇల్లాలి ఇష్టానిష్టములు భారతదేశపు పనివాని చేతికి అందడం ఆనాటికే మొదలైనదన్నమాట. కొని తెచ్చిన బట్ట చినిగినా అక్కడివారు పారవేయలేదు. పూవులను కత్తిరించి వేరొక బట్ట మీద కుట్టుకొన్నారు. ముక్కలను జతచేసి బొంతలు చేసుకొన్నారు. ఇంగ్లండు ఉత్తర భాగాన లీవెన్స్ హాల్ అనే భవనంలో సుమారు 1708 నాటి బొంత ఒకటి ఉన్నది. ఆ దేశంలో మిగిలిన అతుకుల బొంతలలో మిక్కిలి ప్రాచీనమైన వానిలో దానిని లెక్కిస్తారు. దానిలోని ముక్కలు భారతదేశపు చింట్జు బట్టవే. పాతచీరలతో బొంత కుట్టుకొనే మన అవ్వలు దానిని చూస్తే, కుట్టిన చేయి పరాయిదైనా వరుస మాత్రం తమదేనని గుర్తుపట్టి ఉండేవారు.

ఇంత ఆదరణ పొందిన సరకుకు శత్రువులు ఏర్పడటం వింత కాదు. ఫ్రాన్సు 1686లో ఈ బట్టలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని నడిపినది. ఇంగ్లండులో ఉన్ని, పట్టు నేతగాండ్రు తమ కూడు పోతున్నదని మొరపెట్టుకొన్నారు. 1700లో చేసిన చట్టం రంగువేసిన భారతీయ నూలుబట్టను ఆ దేశంలో వాడకానికి దిగుమతి చేయరాదన్నది. 1719లో లండన్ వీధులలో అద్దకపు బట్ట కట్టిన స్త్రీల మీద నేతగాండ్రు పడి బట్టలు చించినారు. 1721 చట్టం ఒంటి మీద గాని, మంచం మీద గాని అచ్చువేసిన నూలుబట్ట వాడటమే నేరమన్నది. 1774లో ఆ కట్టడి సడలినది. అయితే అది ఇంగ్లండులో తయారైన బట్టకే గాని మన బట్టకు కాదు.

ఆ మరుసటి సంవత్సరమే ఒక చిత్రం జరిగినది. డేవిడ్ గారిక్ లండన్‌లో సుప్రసిద్ధ నటుడు. కలకత్తాలోని ఆంగ్ల వర్తకుల నాటకశాలకు ఆయన చేసిన సహాయానికి కృతజ్ఞతగా, వారు ఆయన భార్యకు మంచపు తెరలకని బందరు అద్దకపు బట్ట పంపినారు. సుంకపు అధికారులు దానిని పట్టుకొన్నారు. సభలను ఉర్రూతలూగించిన ఆ నటుడు ఒక మంచపు తెర కోసం ప్రభుత్వాధికారికి విన్నపం వ్రాసుకొనవలసి వచ్చినది. ఆ మంచమూ, ఆ బట్టలో మిగిలిన భాగములూ నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నవి.

నిషేధం చేయలేకపోయిన పనిని యంత్రం చేసినది. తలుపు మూసిన కాలంలో అక్కడివారు ఊరకుండలేదు. మన రంగులను, మన పూవులను అనుకరించడం నేర్చుకొన్నారు. 1783లో థామస్ బెల్ రోలర్ అచ్చుయంత్రానికి హక్కుపత్రం పొందినాడు. 1868లో జర్మను రసాయనవేత్తలు వేళ్ళలోని ఎరుపును ప్రయోగశాలలో తయారుచేసినారు. చిరివేరు త్రవ్వేవారికి పని తగ్గినది. బందరు మీద ప్రకృతి కూడా పగబట్టినది. 1864 నవంబరు 1న వచ్చిన తుపానులో సముద్రం పట్టణం మీదకు పొంగగా సుమారు 30,000 మంది మరణించినారు. రేవు వైభవం అంతకు ముందే క్షీణించినది. అద్దకం మాత్రం కొన్ని కుటుంబముల చేతులలో మినుకుమినుకుమంటూ మిగిలినది. స్వాతంత్ర్యానంతరం 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడటం, కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు పూనుకొనటం వలన కలంకారీకి తిరిగి ఊపిరి వచ్చినది. శ్రీకాళహస్తిలో కలము, బందరు పెడనలలో కొయ్య అచ్చు, ఈ రెండూ నేటికీ నిలిచి ఉన్నవి.

ఇప్పుడు ఆ వృద్ధుని మాటకు అర్థం చెప్పుకొనవచ్చును. కలంకారీ పూవులను తెర అచ్చుతోను, మిల్లు యంత్రంతోను దించిన బట్టలు నేడు అదే పేరుతో అమ్ముడుపోతున్నవి. వెల తక్కువ, చూపుకు నిండుదనం ఎక్కువ. ఆ పక్కనే కొయ్య అచ్చుతో చేసిన దుప్పటి బేరానికి నిలువలేదు. ఒక్క దుప్పటికి గీతకొక అచ్చు, రంగుకొక అచ్చు చొప్పున టేకు కొయ్య మీద చెక్కించాలి. పటిక అద్దాలి, కాలువలో ఉతకాలి, రాగి కాగులో ఉడికించాలి, ఎండవేయాలి. "కొన్నవారికి ఇది ఒక్క దుప్పటి. మాకు మాత్రం చెక్కేవాడు, అద్దేవాడు, ఉతికేవాడు, వీరందరి అన్నం" అన్నాడాయన. పాత అచ్చులను చూపించి, వీనిలో కొన్నింటిని మరల చెక్కగలవారు దొరకడం కష్టమని కూడా చెప్పినాడు. అచ్చు అరిగితే కొత్తది చేయించుకొనవచ్చును. చెక్కే చేయి పోతే దానిని ఏ అంగడిలో కొనగలము?

బట్ట కొనేటప్పుడు మన ఇండ్లలోనివారు చూడవలసిన గుర్తులు సులభమైనవే. బట్టను తిరగవేసి, రంగు రెండవ వైపుకు దిగినదేమో చూడాలి. మిల్లు అచ్చు సాధారణంగా పైపైనే ఉంటుంది. ఒక అచ్చు ముగిసి రెండవది మొదలయ్యే చోట గీత వెంట్రుకవాసి తప్పినదేమో చూడాలి. అది చేతి జాడ. లోపమని భ్రమపడి దానిని వదలివేయరాదు. వెల కొంత హెచ్చు కావచ్చును. ఒకనాడు దేశదేశముల ప్రభువులు చట్టములు చేసి కూడా తమ ప్రజల చేత మాన్పించలేకపోయిన బట్ట ఇది. దానిని నిలుపడమా, మానడమా అన్నది ఇప్పుడు ఏ చట్టసభ చేతిలోను లేదు; పండుగకు నాలుగు దుప్పట్లు కొనే మన గృహిణుల చేతిలో ఉన్నది.