తుపాకి నుంచి జాబితాకు: పక్షివీక్షణ పోటీలలో సాక్ష్యం

పక్షివీక్షణ ప్రశాంతమైన వ్యాపకమన్నది సాధారణాభిప్రాయం. అయితే ఆ వ్యాపకం నేటి రూపం దాల్చడంలో పోటీకి గణనీయమైన పాత్ర ఉంది. న్యాయనిర్ణేత ఎదుట లేని ఈ పోటీలో ఒకరు చూశానన్న పక్షిని మరొకరు ఎందుకు నమ్మాలి? అమెరికాలో పక్షివీక్షణ పోటీల చరిత్రను ఈ ప్రశ్న ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

19వ శతాబ్దపు అమెరికాలో క్రిస్మస్ నాడు 'సైడ్ హంట్' అనే వేట పందెం ఆనవాయితీగా ఉండేది. వేటగాళ్లు జట్లుగా విడిపోయి, కనిపించిన పక్షులనూ జంతువులనూ కాల్చేవారు. ఎక్కువ కళేబరాలు పోగు చేసిన జట్టుదే గెలుపు. చచ్చిన పక్షి కళ్లెదుటే ఉండేది కనుక సాక్ష్యం సమస్య కాలేదు. శాస్త్రజ్ఞులు సైతం ఆ కాలంలో జాతి నిర్ధారణకు కాల్చి తెచ్చిన నమూనానే ప్రమాణంగా భావించేవారు.

'బర్డ్-లోర్' పత్రిక సంపాదకుడు ఫ్రాంక్ చాప్‌మన్ 1900లో ఈ వేటకు ప్రత్యామ్నాయంగా పక్షులను లెక్కించమని పాఠకులను కోరాడు. ఆ డిసెంబరు 25న 27 మంది 25 చోట్ల సుమారు 90 జాతులను నమోదు చేశారు. పందెంలోని ఉత్సాహం నిలిచింది, తుపాకి తొలగింది. దానితోపాటు తిరుగులేని సాక్ష్యమూ తొలగింది.

ఆ లోటును గుర్తింపు నైపుణ్యం పూరించింది. కాల్చకుండానే పక్షిని నిర్ధారించవచ్చని లడ్లో గ్రిస్కమ్ క్షేత్రంలో నిరూపించాడు. రోజర్ టోరీ పీటర్సన్ 1934లో ప్రచురించిన సచిత్ర మార్గదర్శిని దూరం నుంచి కనిపించే గుర్తులను బొమ్మలతో చూపి, ఆ నైపుణ్యాన్ని సామాన్యులకు అందించింది. ఒక సంవత్సరంలో అత్యధిక జాతులను చూసే 'బిగ్ ఇయర్' పోటీ ఈ నేపథ్యంలోనే బలపడింది. 1939లో గై ఎమర్సన్ 497, 1953లో పీటర్సన్ 572, 1956లో స్టూవర్ట్ కీత్ 598 జాతులను చూశారు.

ఆ దశాబ్దాలలో పరస్పర పరిచయమే నమ్మకానికి ఆధారం. పోటీదారులు పెరిగిన కొద్దీ నియమాలు అవసరమయ్యాయి. 1960ల చివర ఏర్పడిన అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ ఆ పనికి పూనుకుంది. దాని నియమాల ప్రకారం లెక్కలోకి వచ్చే పక్షి ప్రాణాలతో, స్వేచ్ఛగా, వన్యస్థితిలో ఉండాలి. సైడ్ హంట్‌లో గెలిపించిన మృతపక్షి ఇక్కడ లెక్కకే రాదు! 24 గంటల జట్టు పోటీలలో నమోదైన జాతులలో 95 శాతాన్ని సభ్యులందరూ గుర్తించి ఉండాలన్న నియమం సాటి సభ్యులనే సాక్షులుగా నిలిపింది. న్యూజెర్సీలో 1984లో మొదలైన 'వరల్డ్ సిరీస్ ఆఫ్ బర్డింగ్' ఇటువంటి పోటీలకు ప్రసిద్ధి. ఆ తొలి పోటీలో పీటర్సన్ ఉన్న జట్టు 201 జాతులతో గెలిచింది.

అంతర్జాతీయ ప్రయాణాలు సులభమయ్యాక పోటీ ప్రపంచస్థాయికి చేరింది. 2015లో నోవా స్ట్రైకర్ ఒకే సంవత్సరంలో 6,042 జాతులను నమోదు చేశాడు. ప్రతి పక్షినీ తనతోపాటు కనీసం మరొకరు గుర్తించాలని ఆయన ముందుగానే నియమం పెట్టుకున్నాడు. అంతకుముందున్న 4,341 జాతుల రికార్డును ఆయన అధిగమించింది కేరళలోని తట్టెక్కాడులో, శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ అనే నిశాచర పక్షితో. ఎండుటాకులలో కలిసిపోయే ఆ పక్షి జాడ ఆ అడవి ఎరిగినవారికే సులువుగా దొరుకుతుంది. అలా వెంట నడిచిన స్థానికులు ఆయనకు దారిచూపేవారే కాక సాక్షులు కూడా అయ్యారు. మరుసటి ఏడాదే ఆర్యన్ ద్వార్షౌస్ 6,852 జాతులతో ఆ రికార్డును దాటాడు.

కళేబరాల కుప్ప నుంచి తోటివారి ధ్రువీకరణ దాకా సాగిన ఈ క్రమంలో పోటీతత్వం తగ్గలేదు. మారినది సాక్ష్యం స్వరూపం. పక్షి ప్రాణానికి బదులుగా మనిషి మాట ప్రమాణంగా నిలిచినప్పుడే ఈ పోటీ సాధ్యమైంది. అందువల్ల పక్షివీక్షకుని జాబితాలో ఒక్క అబద్ధం చేరినా దెబ్బతినేది ఆ ఒక్క అంకె కాదు, తుపాకిని పక్కన పెట్టించిన ఆ పరస్పర విశ్వాసమే.